నా చెమటకు రుజువులు

ఆ రోజుల్లో నేను ఎవరింటికి వెళ్ళినా, కుశల ప్రశ్నలకంటే ముందు నా కళ్ళు చెయ్యి తుడుచుకునే గుడ్డ కోసం వెతికేవి. సోఫా కవరైనా, కిటికీ తెరైనా, పక్కన కూర్చున్న పిన్ని పమిటచెంగైనా నాకు ఒకటే. ఇరవై మూడేళ్ళ వయసులో ఆడపిల్లలకు రకరకాల బెంగలుంటాయి. నా బెంగంతా రెండు అరచేతుల్లో ఉండేది. ఎండాకాలమని లేదు, వానాకాలమని లేదు, ఏసీ గదిలో కూర్చున్నా సరే, అరచేతుల్లో చెమట ఊరుతూనే ఉండేది. విజయవాడలో చెమట పట్టనిది ఎవరికి అంటారు. నిజమే. కానీ ఫిబ్రవరిలో, గుణదల కొండమీద చర్చి తిరునాళ్ళకి పిన్నితో కలిసి తెల్లవారగానే వెళ్తే, చుట్టూ జనం స్వెట్టర్లు వేసుకుని ఉండగా, నా చేతిలో ఇంకా వెలిగించని కొవ్వొత్తి తడికి జారి ముందు నడుస్తున్న పెద్దాయన మెడమీద పడింది. (ఆయన మంచివాడు. తీసి, కళ్ళకద్దుకుని, తనే తీసుకెళ్ళి వెలిగించాడు. నా మొక్కు ఆయన ఖాతాలో పడిందని పిన్ని చాలా రోజులు బాధపడింది.)

ఇదొక జబ్బని నాకు చాలాకాలం తెలియదు. మాది కొల్లేటి పక్క ఊరు, నాన్నది చేపల వ్యాపారం. మా ఇంట్లో పొడిచేతులతో తిరిగే మనిషంటూ ఎవరూ లేరు. నాన్న చేతులు ఐసు తడి, అమ్మ చేతులు చేపలు కడిగిన నీళ్ళ తడి, బాబాయి చేతులు వల తడి. ఇంతమంది మధ్యలో నా చేతులు దేనితో తడిసి ఉన్నాయో అడిగే తీరిక ఎవరికుంటుంది. బళ్ళో మాత్రం నా జవాబుపత్రంలో అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని పక్క గీతలోకి పారిపోయేవి. "ఏమ్మా, పేపరు కొల్లేట్లో ముంచి తెచ్చావా" అనేవారు మా లెక్కల మాస్టారు. క్లాసంతా నవ్వేది. అలవాటుకొద్దీ నేనూ నవ్వేదాన్ని.

డిగ్రీ అయ్యాక పటమటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఇన్సూరెన్సు డెస్కులో ఉద్యోగం దొరికింది. ఉండటం గుణదలలో పిన్నివాళ్ళింట్లో, రావడం సిటీబస్సులో. పని చెప్పుకోవడానికి తేలికే. రోగి చేరగానే బీమా కార్డు తీసుకోవాలి, ఫారం నింపాలి, డాక్టరు గారి చేత సంతకం పెట్టించాలి, కంపెనీకి పంపాలి. వాళ్ళు సందేహాలు అడుగుతారు, వాటిని మేం క్వెరీలు అంటాం. వాటికి జవాబులు పంపి, వైద్యానికి అనుమతి తెప్పించాలి. అనుమతి రాగానే రోగి తాలూకు మనిషి మొహం విచ్చుకుంటుంది చూడండి, దానికోసమైనా ఆ ఉద్యోగం చెయ్యొచ్చు అనిపించేది నాకు. డెస్కులో నాకు సీనియరు ఒకావిడ ఉండేది. పక్కపక్కన రెండు కాగితాలు కనిపిస్తే చాలు, వాటికి సంబంధం ఉన్నా లేకపోయినా కలిపి స్టేప్లరుతో కుట్టేసేది. అందుకని అందరం ఆవిణ్ణి స్టేప్లరక్క అనేవాళ్ళం. (ఒకసారి ఒక మోకాలి ఎక్స్‌రే రిపోర్టుకీ క్యాంటీను మెనూకీ కలిపి కుట్టేసింది. కంపెనీవాళ్ళు దానిమీద కూడా క్వెరీ పంపారు.)

నేను నింపిన ఫారాలు చెయ్యి ఆనినచోటల్లా ఉబ్బేవి. కర్చీఫు మణికట్టు కింద పెట్టుకుని రాసేదాన్ని, మధ్యాహ్నానికి కర్చీఫు పిండాల్సి వచ్చేది. అదైనా ఫరవాలేదు. అసలు చిక్కు రోగుల బంధువులతో వచ్చింది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి కాగితం చూస్తూ చేతులు తుడుచుకుంటూ, మళ్ళీ చూస్తూ, మళ్ళీ తుడుచుకుంటూ ఉంటే మనిషన్నవాడికి ఏమనిపిస్తుంది. ఒకరోజు పెనమలూరు నుంచి వచ్చిన ఒకావిడ నా చేతులవైపు చూసి చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, "అమ్మాయ్, నిజం చెప్పు. మా ఆయనకి ఏమైంది" అంది.

"గాల్‌బ్లాడర్లో రాళ్ళండీ, అంతే. రేపు తీసేస్తారు."

"రాళ్ళకైతే నీకెందుకమ్మా అంత చెమట. ఏదో దాస్తున్నావు."

నేను కంగారుపడి ఏం లేదండీ ఏం లేదండీ అన్నకొద్దీ చేతులు ధారలు కట్టాయి. ఆవిడ ఏడుపు లంకించుకుంది. రెండు గంటల్లో నూజివీడు నుంచి, కంకిపాడు నుంచి చుట్టాలందరూ దిగారు. రాళ్ళున్న పెద్దాయన మాత్రం పైన వార్డులో కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. ఆ సాయంత్రమే మేనేజరు గారు పిలిచారు. ఆయన కోప్పడే మనిషి కాదు, అదే ఇంకా కష్టం. "నువ్వు పని బాగా చేస్తావమ్మా. కానీ నీ డెస్కు ముందు జనం ఐసీయూ ముందు కూర్చున్నట్టు కూర్చుంటున్నారు. కింద పాత కేసుషీట్ల గదిలోకి మారుస్తాను. అక్కడ నీకు ఇబ్బంది ఉండదు" అన్నారు. ఆ గది నాకు తెలుసు. నేలమాళిగలో, కిటికీ లేకుండా, మనిషి మొహం కనపడకుండా ఉంటుంది. ఆ గదిలో నా వయసంతా అయిపోతుందని నాకు ఆ క్షణంలో ఖాయంగా తోచింది. రెండు నెలలు టైమివ్వండి సార్, ఏదో ఒకటి చేసుకుంటాను అన్నాను. ఏం చేసుకుంటానో నాకే తెలియదు. ఆయన నా చేతులవైపు జాలిగా చూసి సరేనన్నారు.

ఆ వారంలోనే ఒక ఫారం మీద సంతకానికి ఛాతీ సర్జను గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కాగితం అందుకుని, తడి చూసుకుని, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "ఎన్నాళ్ళనించి?"

"పుట్టినప్పటినించీ అనుకుంటానండీ."

"ఇది జబ్బమ్మా. వైద్యం ఉంది. చంకల కింద చిన్న రంధ్రాలు పెట్టి, చేతులకి చెమట పొయ్యమని చెప్పే నరాన్ని ఆపేస్తాం. రెండు రోజుల్లో ఇంటికెళ్ళిపోతావు. కానీ ఒక సంగతి విను. చేతుల్లో ఆగిన చెమట కొంతమందికి వీపుకో నడుముకో ఎక్కువవుతుంది. బాగా ఆలోచించుకో."

నేను ఆయన గది తలుపు దాటేలోపు ఆలోచించుకోవడం పూర్తయింది. వీపుతో ఫారాలు నింపను కదా.

మా ఉద్యోగులందరికీ ఆసుపత్రి తరఫున బీమా ఉంది. ఊళ్ళోవాళ్ళందరికీ అనుమతులు తెప్పించే నాకు నా అనుమతి ఒక లెక్కా అనుకున్నాను. నా ఫారం నేనే నింపుకున్నాను, ఎంత ముచ్చటగా నింపానంటే, ఆరోజు ఒక ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని మరీ రాశాను. రెండో రోజుకే జవాబు వచ్చింది. అధిక స్వేదానికి చేసే ఈ ఆపరేషను సౌందర్య చికిత్స కిందికి వస్తుంది కాబట్టి అనుమతించలేమని చింతిస్తున్నాము. స్టేప్లరక్క ఆ లెటరు రెండుసార్లు చదివి, "చెమట పోతే అందమొస్తుందా? అలాగైతే నాకూ రాయవే" అంది. నాకు నవ్వు రాలేదు. ఇలాంటి లెటర్లు నేను ఎంతమందికి చదివి వినిపించానో గుర్తొచ్చింది. చదివేటప్పుడు 'చింతిస్తున్నాము' అనే మాట దగ్గర గొంతు కాస్త తగ్గించేదాన్ని, అదే నేను చూపించే సానుభూతి. ఎదురుగా కూర్చుని ఆ మాట వినేవాళ్ళకి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

అక్కణ్ణుంచి నాకు కుదురు పోయింది. సర్జను గారు ఇది అందం కోసం కాదు, ఉద్యోగానికే అడ్డొస్తోంది అని గట్టి లెటరు రాసిచ్చారు. పంపాను. పంపిన పది నిమిషాలనుంచే కంప్యూటరులో జవాబు వచ్చిందా అని చూడటం మొదలుపెట్టాను. బస్సులో ఫోను తీసి చూసేదాన్ని, పిన్ని కూర వడ్డిస్తుంటే చూసేదాన్ని, చూసినప్పుడల్లా తెర మీద నా వేలి తడికి అది వేరే పేజీకి పోయేది. ఒకసారి అలా పోయి పోయి ఏ బటనో నొక్కుకుపోయి, నేను అడగని ప్రసూతి బీమా గురించి ఎవరో ఫోను చేశారు. "కూర్చోవే, కాళ్ళు అరిగిపోతాయి" అనేది పిన్ని. తను మాత్రం ఊరుకుందా. పటిక నీళ్ళన్నది, మర్రోజు టీ డికాషనన్నది, గోరింటాకైతే చల్లదనం అన్నది. గోరింటాకు పెట్టింది కూడా. చెమటకి అది పండకముందే కారిపోయి, మోచేతుల దాకా ఎర్రటి చారలు మిగిలాయి.

నాలుగో రోజు క్వెరీ వచ్చింది. ఆపరేషనుకంటే ముందు వేరే వైద్యాలు ప్రయత్నించారా, వివరాలు పంపండి. పిన్ని వైద్యాలు రాస్తే ఒప్పుకోరు కాబట్టి చర్మం డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ రాత్రి పూసుకునే లోషనొకటి ఇచ్చి, వారానికి మూడు సార్లు రెండు నీళ్ళ పళ్ళేల్లో చేతులు పెట్టుకుని కూర్చుంటే, నీళ్ళలోంచి కొద్దిపాటి కరెంటు పంపిస్తామన్నారు. ఈ సంగతి నాన్నకి ఫోనులో చెప్పాను. అవతల ఐసు పగలగొడుతున్న చప్పుడు ఆగింది.

"అమ్మాయ్, నీళ్ళలో కరెంటు పెట్టి చేపలు పట్టేవాళ్ళని పోలీసులు తీసుకెళ్తారే ఇక్కడ. నువ్వేమో చేతులు పెడతానంటున్నావు."

"చిన్న కరెంటేలే నాన్నా. చీమ కుట్టినట్టుంటుందంట."

"చేపలకీ అలాగే చెప్పుంటారు" అన్నారు నాన్న.

మూడు వారాలు పళ్ళేల్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. చీమలు కుట్టాయి. చెమట తగ్గినట్టే తగ్గి, పళ్ళెం తీయగానే మళ్ళీ మొదటికొచ్చింది. ఆ కాగితాలన్నీ పంపితే ఇంకో క్వెరీ. చెమట తీవ్రతకు ఆధారం జతపరచండి. అప్పుడు సర్జను గారు ఒక పరీక్ష చేశారు. అరచేతులకి అయోడిను పూసి, ఆరాక పైన పిండిలాంటి పొడి చల్లారు. చెమట తగిలినచోట అది నల్లబడుతుందన్నారు. క్షణంలో రెండు చేతులూ నేరేడు పళ్ళు పిసికినట్టు అయ్యాయి. ఆయన ఫొటోలు తీసుకున్నారు, నేను కడుక్కున్నాను, పూర్తిగా పోలేదు. సాయంత్రం బస్సులో టికెట్టుకి చెయ్యి చాపితే కండక్టరు వెనక్కి తగ్గి, "లంచం తీసుకున్నోళ్ళ చేతులు ఎర్రగా అవుతాయని విన్నాను గానీ, నల్లగా అవడం ఇదే చూడ్డం" అన్నాడు. బస్సంతా నా చేతుల్నే చూసింది. పుట్టి బుద్ధెరిగాక నేను దాచుకున్నదాన్ని ఫొటోలు తీసి, రంగు వేసి, ఊరేగిస్తున్నట్టు అనిపించి గుణదల స్టాపుకి ముందే దిగి నడిచి వెళ్ళిపోయాను. ఆ నడకలో కాస్త ఏడ్చాను కూడా. నల్లటి చేతులతో కళ్ళు తుడుచుకోవడంతో పిన్ని తలుపు తీసి ముందు గుర్తుపట్టలేదు.

మేనేజరు గారిచ్చిన గడువులో ఇంక వారమే మిగిలింది. అప్పుడు కంపెనీ నుంచి ఫోను. స్వయంగా చూసి నివేదిక ఇవ్వడానికి తమ మనిషిని పంపుతున్నామని. ఆ తనిఖీ ఆయన చెప్పిన టైముకి ఐదు నిమిషాలు ముందే వచ్చారు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో ఇంకుపెన్ను, మాట చాలా మర్యాద. చిన్న గదిలో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఏదీ మేడమ్, చేతులు చూపించండి" అన్నారు.

చాపాను. ఆయన చూశారు, నేనూ చూశాను. రెండు అరచేతులూ పొడిగా ఉన్నాయి.

అలా ఎలా ఆరిపోయాయో నాకు ఈనాటికీ తెలియదు. ఇరవై మూడేళ్ళలో ఒక్కసారి కూడా అంత పొడిగా లేవు. బహుశా ఒకరు వచ్చి దయచేసి చెమట చూపించమని అడగడం ఇదే మొదటిసారి కావడం వల్లనేమో. నేను చేతులు దులిపాను, రుద్దాను, పిడికిళ్ళు బిగించాను. ఏసీ ఆపేయమంటారా సార్ అన్నాను. ఆయన మర్యాదగా ఆపించారు. ఆయన నుదుటిమీద చెమట పట్టింది, నాకు పట్టలేదు. స్టేప్లరక్క తలుపు సందులోంచి తొంగిచూసి, సంగతి గ్రహించి, వెళ్ళి పొగలు కక్కే టీ పట్టుకొచ్చింది. "తాగవే, తాగు" అని నా చెవిలో, పరీక్షకి వెళ్ళే పిల్లకి చెప్పినట్టు చెప్పింది. తాగాను. నాలుక కాలింది, అంతే.

ఇరవై నిమిషాలు చూసి ఆయన నిట్టూర్చారు. "నేను చూసిందే రాయాలి మేడమ్, ఏమనుకోకండి" అని పెన్ను తీసి, నీలం సిరాతో గుండ్రటి అక్షరాలతో రాశారు. రాసి, "ఒకసారి చదివి కింద సంతకం పెట్టండి" అని కాగితం నావైపు తిప్పారు. 'పరిశీలించిన సమయమందు సదరు ఉద్యోగిని అరచేతులు పూర్తిగా పొడిగా ఉన్నవి' అని ఉంది. ఆ వాక్యం మీద చెయ్యి పెట్టుకుని నేను చదువుతుండగా కిటికీలేని గది కళ్ళముందు కనిపించింది. మూడు వారాల చీమలూ, బస్సులో అందరి చూపులూ కనిపించాయి. చదవడం అయి చెయ్యి తీస్తే 'పూర్తిగా పొడిగా' అన్న మాటల చోట ఒక నీలం మడుగు ఉంది. సంతకం పెట్టబోతే పెన్ను జారి ఆయన ఇస్త్రీ చొక్కా మీద పడింది. నేను సారీ సార్ సారీ సార్ అంటూ కాగితం తుడవబోయి మిగతా నివేదిక కూడా తుడిచేశాను.

ఆయన నా చేతుల్ని చూశారు, చొక్కా చూసుకున్నారు, బల్లమీద చుక్కలు చుక్కలుగా పడుతున్న నీళ్ళు చూశారు. తర్వాత సంచీలోంచి కొత్త కాగితం తీసి, మళ్ళీ మొదటినించీ రాయడం మొదలుపెట్టారు. ఈసారి నాకు చదవమని ఇవ్వలేదు, దూరంగా పట్టుకుని ఆయనే చదివి వినిపించారు. పాత కాగితాన్ని కూడా పారెయ్యకుండా దీనికి జతపరిచారు. (కుట్టింది ఎవరో చెప్పక్కర్లేదు కదా.) మూడో రోజు అనుమతి వచ్చింది. స్టేప్లరక్క తెర మీద చదివి నన్ను పిలవడానికి లేచి, కుర్చీ తగిలి పడబోయి, అలాగే నవ్వుతూ వచ్చింది.

ఆపరేషను గురించి చెప్పడానికి పెద్దగా లేదు, నిద్రపోయాను, లేచాను. లేచేసరికి నాన్న మంచం పక్కన కూర్చుని ఉన్నారు. తెల్లవారుజామున చేపల లోడు ఎక్కించి, ఆ బట్టల్తోనే వచ్చేశారు. నా చెయ్యి ఆయన చేతిలో ఉంది. వెచ్చగా, పొడిగా ఉంది నా చెయ్యి. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరి చెయ్యో పట్టుకున్నట్టుందే" అన్నారు. ఆ తర్వాత ఏమనుకున్నారో, ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. ఇన్నాళ్ళూ నేను ఎవరి చేతిలోంచైనా చెయ్యి ముందుగా లాగేసుకునేదాన్ని. ఆరోజు నేను లాక్కోలేదు, నర్సు వచ్చి ఆయన్ని బయటికి పంపేదాకా ఆయనా వదల్లేదు.

వారం తర్వాత డ్యూటీలో చేరిన రోజే నేనొక ఘనకార్యం చేశాను. గేటు దగ్గర వాచ్‌మన్ నమస్తే మేడమ్ అన్నాడు. నేను వెళ్ళి షేక్‌హ్యాండు ఇచ్చాను. ఆయన బిత్తరపోయాడు గానీ ఇచ్చాడు. ఎంత బాగుందో. ఇంక ఆగలేదు. రిసెప్షనులో ముగ్గురికీ ఇచ్చాను, లిఫ్టు నడిపే ఆయనకిచ్చాను, ల్యాబులోకి వెళ్ళి గ్లవ్సు తీయించి మరీ ఇచ్చాను. క్యాంటీనులో అట్లు పోస్తున్నావిడ చెయ్యి పమిటకి తుడుచుకుంటుంటే, ఫరవాలేదండీ మీకు తడున్నా నాకు లేదు అని అందుకున్నాను. రెండో అంతస్తులో ఎవరో ముసలాయనకి కూడా ఇచ్చాను, ఆయన ఎవరి తాలూకో నాకు తెలియదు, ఆయన మాత్రం బాగా చదువుకోమ్మా అని దీవించారు. ఒక్కొక్కరికీ చెయ్యిచ్చి, వాళ్ళ కళ్ళలోకి చూసి నవ్వి, తర్వాతి మనిషి దగ్గరికి పరిగెత్తడం. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచనంత సంతోషంలో ఉన్నాను.

మధ్యాహ్నానికి ఆసుపత్రంతా పాకిపోయింది, నేను ఉద్యోగం మానేసి వెళ్ళిపోతున్నానని, అందుకే అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నానని. క్యాంటీనావిడ నాకోసం విడిగా మిరపకాయ బజ్జీలు వేసింది. స్టేప్లరక్క బల్ల మీద తల పెట్టుకుని, "నాతో ఒక్క మాటైనా అనలేదు" అని ముక్కు చీదుతోంది. మేనేజరు గారు పిలిచి, "ఇంత కష్టపడి అనుమతి తెచ్చుకుని, వెళ్ళిపోతానంటే ఎలాగమ్మా. కింద గది మాట మర్చిపో, నీ డెస్కు నీదే" అన్నారు. నాకు విషయం అర్థమయ్యేసరికి ఇల్లు చేరే బస్సుకి అరగంటే ఉంది. మళ్ళీ అంతస్తు అంతస్తుకీ పరిగెత్తాను, నేనెక్కడికీ వెళ్ళట్లేదండీ, చేతులు బాగయ్యాయండీ, అంతేనండీ అని చెప్పుకుంటూ. అది విని సంతోషించి అందరూ మళ్ళీ చెయ్యిచ్చారు. గేటు దాటేసరికి డ్రెస్సు వీపుకి అతుక్కుపోయింది. సర్జను గారు చెప్పింది ఇదే కాబోలు అనుకుని, బస్సులో సీటుకి ఆనుకోకుండా నిటారుగా కూర్చున్నాను.

ఇది జరిగి పన్నెండేళ్ళు దాటింది. ఇప్పుడూ ఎండాకాలం వస్తే నా వీపు నా మాట వినదు. ఎవరైనా చెయ్యి చాపితే ఏదో పనిలో ఉండి తల ఊపి ఊరుకునే రోజులు కూడా ఉన్నాయి, తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు ఆ పిల్ల గుర్తొస్తుంది, లిఫ్టు ముందు నిలబడి, ఇంకా ఎవరికివ్వలేదా అని పేర్లు లెక్కపెట్టుకుంటున్న ఇరవై మూడేళ్ళ పిల్ల. ఎక్కడైనా ఎదురైతే నేనూ ఆ వరసలో నిలబడి, నా వంతు వచ్చేదాకా ఆగి, చెయ్యి అందుకుని వద్దును.